పచ్చరంగులో పోయిన డాక్టరమ్మ

మీరే చంపారు ఆమెని.

వెనక వరసలకు వినిపించి ఉండదు, మళ్ళీ చెబుతాను. మొదటి వరసలో తెల్లకోట్లు మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మీరు, తలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డ మీరు, వేదిక మీద నా పక్కనే తల వంచుకుని కూర్చున్న సూపరింటెండెంట్‌గారు, అందరూ కలిసి చంపారు. విషం పెట్టి కాదు. ఆమె చేతి బ్యాండు మీద పచ్చరంగు చూసి, చప్పట్లు కొట్టి, ఇంకో డ్యూటీ వేసి చంపారు.

సంతాప సభలో ఇలా మాట్లాడకూడదని నాకు తెలుసు. నన్ను పిలిచినాయన ఫోన్లో మర్యాదగానే చెప్పాడు, "రెండు మంచి మాటలు చెప్పి ముగించండి సార్" అని. ఆమె గురించి చెప్పేవన్నీ మంచి మాటలే. మీ గురించి మంచిగా చెప్పమని ఆయన అడగలేదు.

మిత్రులారా, అక్కలారా, అన్నలారా! వచ్చినందుకు మీకు దణ్ణం. రాత్రి డ్యూటీ దిగి, ఇంటికి పోయి పడుకోకుండా ఇటే వచ్చిన నర్సులున్నారు. మీ కళ్ళు చూస్తే తెలుస్తోంది. ఆమె దగ్గర మందులు రాయించుకున్న మనుషులున్నారు, ఆమె దగ్గర తిట్లు తిన్న జూనియర్ డాక్టర్లున్నారు. ఈ రెండు జాబితాల్లోనూ పేరున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. మా అన్నయ్య ఉన్నాడు. ఆ మూల కుర్చీలో, ఫోను బోర్లా పెట్టి దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడే, ఆయనే. ఆ ఫోను సంగతి తర్వాత చెబుతాను.

తెలియనివాళ్ళ కోసం ఆమె ఎవరో చెప్పాలి. ఈ ఆసుపత్రి మూడో అంతస్తులో, నడవా చివర, లిఫ్టు మోటారు గది పక్కన నాడీ పరీక్షల గది ఉంది. ఆ గదికి పెద్ద ఆమె. మా అన్నయ్య భార్య, నాకు వదిన. మీలో సగం మందికి ఆమె అసలు పేరు కన్నా 'సందు డాక్టరమ్మ' అన్న పేరే ఎక్కువ గుర్తు. ఆ పేరు నర్సులు పెట్టారు. ఆమెకు తెలుసు. తెలియనట్టు నటించేది, లోపల్లోపల మురిసిపోయేది.

ఎందుకు సందు? మణికట్టు మీద వేలు పెట్టి చూస్తే గుండె ఒకే లెక్కన కొడుతున్నట్టు అనిపిస్తుంది. కొట్టదు. ఊపిరి పీల్చినప్పుడు ఒక చప్పుడుకూ మరో చప్పుడుకూ మధ్య సందు కాస్త తగ్గుతుంది, వదిలినప్పుడు కాస్త పెరుగుతుంది. సెకనులో వెయ్యో వంతుల్లో కొలవాల్సిన తేడా అది. దాన్నే హార్ట్ రేట్ వేరియబిలిటీ అంటారు. నిబ్బరంగా ఉన్న ఒంట్లో ఆ సందులు సాగుతూ, ముడుచుకుంటూ ఉంటాయి. అలసట, జ్వరం, దిగులు, నిద్రలేమి మీద పడ్డాయంటే సందులన్నీ ఒకే కొలతకు వచ్చేస్తాయి. గుండె కవాతు మొదలుపెడుతుంది. "గుండె కవాతు చేస్తోందంటే లోపల ఎవరో కర్ర పట్టుకుని నిలబడ్డారని అర్థం" అనేది వదిన. "ఎన్నిసార్లు కొట్టిందో లెక్కపెట్టడం ఎవరైనా చేస్తారు. సందు చూడండి నాయనా, సందు చూడండి!"

నాకు ఈ విద్య మీద మొదట్నుంచీ అనుమానమే. నేను నెలకోసారి పత్రిక తెచ్చేవాణ్ణి. ఏ కొత్త పరికరం చూసినా దాని వెనక ఎవరి గల్లాపెట్టె ఉందో వెతకడం నా పని. ఒకరోజు ఆమె గదిలోనే కూర్చుని, ఇదంతా కంపెనీల మాయ వదినా, మనిషిని అంకె చేసి అమ్ముకోవడం తప్ప ఇంకేం లేదు, అని ఉపన్యాసం మొదలుపెట్టాను. "మరిదిగారూ, ఆ బల్ల మీద పడుకుని చెప్పండి, శ్రద్ధగా వింటాను" అంది. పడుకున్నాను. ఛాతీ మీద తీగలు అంటించింది. నేను పెట్టుబడి గురించి మాట్లాడుతున్నాను, ఆమె తెర చూస్తోంది. తెర మీద సందుల గీత చదునుగా, గీసిన గీటులా పోతోంది. కాసేపటికి, "ఇక నోరు మూసి, ఊపిరి మెల్లగా పీల్చి, అంతకన్నా మెల్లగా వదలండి" అంది. వదిలాను. గీత అలలా లేచింది, పడింది, మళ్ళీ లేచింది. "చూశారా? వ్యవస్థని మార్చేలోపు ఊపిరి వదలడం నేర్చుకోండి. లేకపోతే వ్యవస్థ ఉంటుంది, మీరుండరు" అంది.

ఆమె పోయింది, నేనున్నాను. వ్యవస్థా ఉంది.

ఆమె ఈ కొలత నేర్చుకున్న తీరు మీరు వినాలి. మొదట్లో ఆ గదిలో అద్భుతాలు జరిగేవి. పొద్దున సందులు పిసరంత కదిలే రోగులకు సాయంత్రం కొలిస్తే అంకె ఎక్కడికో పోయేది. అది చుట్టాలు చూడటానికి వచ్చే వేళ. అయినవాళ్ళు వస్తే మనిషి కోలుకుంటాడు, ప్రేమకు అంత శక్తి ఉంది అని జూనియర్లు పొంగిపోయారు. ఒకాయన దాని మీద వ్యాసం కూడా మొదలుపెట్టాడు. వదినకు ఎక్కడో తేడా కొట్టింది. అంకెలన్నీ పక్కన పెట్టి, అసలు ఈసీజీ గీతల్ని ఒక్కొక్కటే కళ్ళతో చూడటం మొదలుపెట్టింది. గీతల్లో అక్కడక్కడా ఎవరి గుండెదీ కాని చిన్న చిన్న పొడుపులు. అవి ఎప్పుడు వస్తున్నాయో కనిపెట్టడానికి నడవాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. చుట్టాలొచ్చే వేళ లిఫ్టు ఆగకుండా తిరుగుతుంది. పక్క గదిలో మోటారు కదిలినప్పుడల్లా తీగల్లోకి దాని అలజడి వస్తోంది. యంత్రం దాన్ని కూడా గుండెచప్పుడే అనుకుంటోంది. లేని చప్పుళ్ళు కలిసేసరికి సందులు చిందరవందరై అంకె పెరుగుతోంది.

ఆ రోజు అందర్నీ గదిలోకి పిలిచింది. "బాబులూ, ఇన్నాళ్ళూ మనం కొలిచింది లిఫ్టు గుండె. దానికేం, దుక్కలా ఉంది. ఇక మనుషుల్ని చూద్దాం" అంది. అప్పటిదాకా తీసిన కొలతలన్నీ పారేసింది. తన పేరు మీద అచ్చుకు వెళ్ళాల్సిన పనిని తన చేతులతోనే పారేసింది. ఆ వ్యాసం మొదలుపెట్టిన జూనియర్ ఏడ్చినంత పని చేశాడు. ఆ రోజే ఆమె తన సూత్రం చెప్పింది: ముందు లయ చూడు, తర్వాత అంకె చూడు. లయ సరిగా లేని చోట అంకెకు అర్థం లేదు. చిందరవందర వేరు, సాగుబాటు వేరు. యంత్రానికి ఆ రెండూ ఒకటే. మనిషే తేడా చెప్పాలి.

ఈ మాట మీలో ఎంతమంది ఆమె నోటి నుంచి విన్నారు? చేతులెత్తమని అడగను. ఎత్తితే మీకే కష్టం.

ఇంకొకాయన సంగతి చెబుతాను. ఆయన ఇక్కడే ఉన్నాడు, చెప్పొచ్చని మాటిచ్చాడు. వృత్తి దర్జీ. ఏళ్ళ తరబడి చక్కెర జబ్బు. కుట్టుమిషన్ ముందు నుంచి లేచాడంటే కళ్ళు బైర్లు కమ్మి పడిపోయేవాడు. నలుగురు డాక్టర్ల దగ్గరికి తిరిగాడు. ఒకరు నీరసం అన్నారు, ఒకరు భయం అన్నారు, ఒకరు ఏమీ లేదన్నారు. ఇంట్లో ఆవిడ, "పని చెప్పినప్పుడే పడతారు, భోజనానికి లేచినప్పుడు పడరే!" అని దెప్పేదట. వదిన ఆయన్ని పడుకోబెట్టి, నిమిషానికి ఆరు ఊపిర్లు, మెల్లగా తీయించింది. మామూలు మనిషికైతే గీత అలలెత్తాలి. ఈయనకు కదల్లేదు. ఊపిరి పీల్చినా అంతే, వదిలినా అంతే. దర్జీ తెర వంక చూసి ఎంతో సంతోషపడ్డాడు. "డాక్టరమ్మా, నా గుండె బ్రహ్మాండంగా ఉంది కదా, కుట్టుమిషన్ కుట్టులా ఒక్కటంటే ఒక్క కుట్టు తేడా లేదు!" అన్నాడు.

వదిన కాసేపు తీగలు సర్దినట్టు నటించి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, చెప్పింది. "గుడ్డకైతే అది మంచి కుట్టే నాయనా. గుండెకు కాదు. గుండెని సాగదీసి ముడిచే నరాలు దెబ్బతిన్నాయి. చక్కెర తినేసింది వాటిని. నువ్వు నాటకాలాడటం లేదు, ఆ మాట మీ ఆవిడతో నేను చెబుతాను" అంది. చెప్పింది కూడా. పడిపోయేలా చేస్తున్న ఒక మాత్ర మాన్పించింది. కూర్చున్న చోట నుంచి ఎలా లేవాలో, లేచే ముందు కాళ్ళు ఎలా ఆడించాలో దగ్గరుండి నేర్పింది. ఆ ఒక్క పరీక్ష లేకపోతే ఆయన ఇప్పటికీ భార్య దృష్టిలో పనిదొంగే. దొంగగానే ఏదో ఒకరోజు తల పగిలి పోయేవాడు.

అందుకే చెబుతున్నాను. ఈ విద్య మాయ కాదు. నేను ఓడిపోయిన వాదాల్లో ఇదొకటి, ఓడిపోయినందుకు నాకు సిగ్గు లేదు. పసిపిల్లల వార్డులో, నెలలు నిండని బిడ్డ గుండె సందులు చదునవుతున్నాయని చూసి, జ్వరం కనిపించక ముందే బిడ్డకు లోపల ఏదో అంటుకుందని పసిగట్టిన రోజులున్నాయి. ఆ తల్లుల్లో ఒకావిడ బిడ్డనెత్తుకుని ఈ సభకు వచ్చింది. బయట నడవాలో నడిపిస్తోంది, బిడ్డ ఏడిస్తే మీకు ఇబ్బందని. లోపలికి రమ్మనండి. ఏడవనివ్వండి. ఈ గదిలో నిజాయితీగా ఏడ్చేవాళ్ళు కొందరైనా ఉండాలి కదా?

ఇప్పుడు బ్యాండ్ల సంగతికి వస్తాను.

ఆ గదికి పేరొచ్చింది. పేరొస్తే యాజమాన్యానికి ఆలోచన వస్తుంది. ఉద్యోగులందరికీ చేతి బ్యాండ్లు కొన్నారు. చర్మం మీద పచ్చటి వెలుతురు కొట్టి, రక్తం పొంగు చూసి, సందులు లెక్కేసి, ఒక స్కోరు ఇస్తుంది. స్కోరు ఎక్కువైతే పచ్చ, తక్కువైతే ఎరుపు. వదిన మొదట సంతోషపడింది. ఆమె లెక్క వేరు. ఎర్రగా ఉన్నవాళ్ళకి సెలవివ్వండి, ఎవరి స్కోరు వాళ్ళకే చూపండి, ఎవరినీ ఇంకొకరితో పోల్చొద్దు, అంకె ఉన్నట్టుండి మారితే అసలు గీత నా గదికి పంపండి అంది. అన్నీ కాగితం మీద రాసిచ్చింది.

ఏం చేశారు? రంగులు ఉంచుకున్నారు. మిగతాది వదిలేశారు. ప్రతి అంతస్తులోనూ రంగుల బోర్డు పెట్టారు. ఎవరు పచ్చో, ఎవరు ఎరుపో అందరికీ తెలిసేలా. పచ్చగా ఉన్నవాళ్ళు బాగా విశ్రాంతి తీసుకున్నట్టు, కాబట్టి ఇంకో డ్యూటీ వేయొచ్చు! ఎర్రగా ఉన్నవాళ్ళు ఒళ్ళు సరిగా చూసుకోనట్టు, కాబట్టి సంజాయిషీ! మిత్రులారా, మనిషికి ఎంత విశ్రాంతి కావాలో చెప్పడానికి పుట్టిన కొలతని, మనిషిలో ఇంకా ఎంత పిండొచ్చో చెప్పే కొలతగా మార్చారు. తొట్టిలో నీళ్ళెన్ని మిగిలాయో చూసుకునే గొట్టంలా వాడారు. ఆమె గోడకు అంటించమని ఇచ్చిన రెండు వాక్యాల్లో, "సందులు ఎంత సాగితే అంత మంచిది" అన్నది అచ్చేశారు. "ముందు లయ చూడు" అన్నది చోటు చాలలేదని తీసేశారు. పెద్ద ఆసుపత్రి, ఎంత పెద్ద గోడలు! ఒక వాక్యానికి చోటు లేదు!

నర్సులు ఏం చేశారో కూడా చెప్పనా? దాచకండమ్మా, అందరికీ తెలుసు. డ్యూటీకి ముందు మెట్ల కింద నిలబడి మెల్లగా ఊపిరి తీసుకునేవాళ్ళు, ఎరుపు రాకుండా. ఇంకొందరు పచ్చ రాకుండా మెట్లు గబగబా ఎక్కేవాళ్ళు. ఒకావిడ అందట, "మొగుడికి అబద్ధం చెప్పడం తేలిక. దీనికి చెప్పాలంటే ఆయాసం వస్తోందే" అని. ఆ మాట విని వదిన నవ్వింది, నాకు చెప్పి మళ్ళీ నవ్వింది.

అప్పుడు ఆమె స్కోరు పెరగడం మొదలైంది.

యాభై దాటిన మనిషి. ఇంటి పని, వార్డు పని, గది పని, బోర్డుల మీద పోట్లాట. సరిగ్గా నిద్ర లేదు. ఆ మనిషి స్కోరు ఆసుపత్రిలో కుర్ర డాక్టర్లందరినీ దాటిపోయింది. ఒకరోజు చదునుగా, ఒకరోజు ఆకాశంలో. మీకెవరికైనా అనుమానం వచ్చిందా? ఆమె దగ్గర పాఠం విన్న వాళ్ళకి? మీరు పాఠం సగం విన్నారు. సందులు ఎంత సాగితే అంత మంచిది! ఈ హాల్లోనే మీటింగు పెట్టి, ఈ వేదిక మీదకే పిలిచి, 'అందరిలోకీ ఆరోగ్యవంతురాలు' అని శాలువా కప్పారు. ఆమె మైకు పట్టుకుని ఏమంది? "ఈ వయసులో ఇంత పచ్చగా ఉండటానికి నేనేమన్నా చెట్టునా?" అంది.

మీరు నవ్వారు. చప్పట్లు కొట్టారు.

అది జోకు కాదయ్యా! ఒక వైద్యురాలు తన ఒంట్లో ఏదో తప్పిందని నిండు సభలో చెప్పింది. మైకులో చెప్పింది. మీరు చప్పట్లు కొట్టారు!

ఆ మర్నాడే బ్యాండు తీసిన అసలు గీత ఇమ్మని అడిగింది. అది కంపెనీ దగ్గర ఉంటుంది, ఉద్యోగులకు స్కోరు, రంగు మాత్రమే కనిపిస్తాయి అని జవాబు. ఇంకోసారి అడిగింది. అదే జవాబు, ఈసారి ముందు 'గౌరవనీయులైన' అని చేర్చి. తన గదిలో తనే తీగలు అంటించుకుని ఈసీజీ తీసుకుంది. ఆ కాసేపు లయ బాగానే ఉంది. వచ్చి పోయే జబ్బు అది. వచ్చినప్పుడు పట్టుకోవాలి. పట్టుకోవాలంటే తీరిక ఉండాలి. తీరిక ఎక్కడిది? పచ్చగా ఉందిగా, డ్యూటీ మీద డ్యూటీ వేశారు.

అన్నయ్య చెప్పాడు. ఒక ఉదయం కాఫీ తాగుతూ మణికట్టు మీద వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చుందట. ఏమైందే అని అడిగితే, "ఏం లేదండీ, లిఫ్టు నా లోపలికి వచ్చినట్టుంది" అందట. అన్నయ్యకు అర్థం కాలేదు. ఏదో ఆసుపత్రి మాట అనుకున్నాడు. ఆ వాక్యం నాకు ఇప్పుడు రోజూ వినిపిస్తోంది. లిఫ్టు ఎక్కినా వినిపిస్తోంది, మెట్లెక్కినా వినిపిస్తోంది. ఆమెకు తెలుసు. అనుమానం ఉంది. నిరూపణ ఎక్కడో కంపెనీ సర్వరులో ఉంది, ఆమె గుండె గీసిన గీత ఆమెకు కనపడకుండా.

రెండో అంతస్తు వార్డు ముందు, ఒక రోగి పేరు పిలుస్తూ పిలుస్తూ మాట మధ్యలో ఆగిపోయి పడిపోయింది. మానిటరు పెట్టగానే కనిపించింది. ఆట్రియల్ ఫిబ్రిలేషన్. గుండె పై గదులు కొట్టుకోవడం మాని వణుకుతాయి. రక్తం నిలవై గడ్డ కడుతుంది. ఆ గడ్డ మెదడుకు పోయింది. ఆ జబ్బులో సందులకు ఒక వరస ఉండదు, చిందరవందర. బ్యాండుకు చిందరవందర తెలియదు, అంకె తెలుసు. అంకె ఆకాశంలో ఉంది కాబట్టి పచ్చ. ముందే తెలిసి ఉంటే రక్తం గడ్డకట్టకుండా మాత్రలున్నాయి. మీ మందుల గదిలోనే ఉన్నాయి. ఆమె పడిపోయిన గంటలో కూడా రంగుల బోర్డు మీద ఆమె పేరు పక్కన పచ్చరంగే ఉందని అక్కడున్న నర్సమ్మ చెప్పింది. పోయిన తర్వాత కూడా ఎవరూ తీయలేదట.

ఇక అన్నయ్య ఫోను.

ఆమె బ్యాండుని ఆసుపత్రి వాళ్ళు మిగతా వస్తువులతో పాటు సంచిలో పెట్టి ఇచ్చారు. అన్నయ్యకు ఏం చేయాలో తెలియలేదు. పారేయలేడు. ఆమె తువ్వాలు ఒకటి చుట్టగా చుట్టి, మణికట్టుకి పెట్టినట్టే దానికి పెట్టి, ఆమె బల్ల మీద ఉంచాడు. ఛార్జింగు కూడా పెట్టాడు. మర్నాడు పొద్దున ఆయన ఫోను మోగింది. ఇద్దరి ఫోన్లకీ సందేశం వచ్చేలా ఆమే పెట్టింది ఒకప్పుడు. "శుభోదయం. మీరు రాత్రి చక్కగా విశ్రాంతి తీసుకున్నారు. ఈ రోజు మీ స్కోరు పచ్చ."

నాకు కబురు చేశాడు. వెళ్ళాను. గది తలుపులు మూసి ఉన్నాయి, తెర లాగి ఉంది. తువ్వాలు కింద నుంచి పచ్చటి వెలుతురు టప టప కొడుతోంది. ఫోన్లో గుండె బొమ్మ కొట్టుకుంటోంది. అన్నయ్య మంచం అంచున కూర్చుని ఉన్నాడు. జీవితమంతా సైన్సు పాఠాలు చెప్పిన మనిషి. నా వంక చూడకుండా అడిగాడు. "ఒరేయ్, ఇది ఎక్కడి నుంచి వస్తోందిరా?"

ఏం చెప్పాలి? చెప్పాను. వెలుతురు గుడ్డ పోగుల మీద పడి వెనక్కి వస్తుంది అన్నయ్యా, ఆ చిన్న చిన్న తేడాల్లో యంత్రం నాడిని వెతుక్కుంటుంది, దానికి కావాల్సింది వెతికితే ఎక్కడైనా దొరుకుతుంది, అన్నాను. సరిగ్గా వదిన చెప్పినట్టే చెప్పాను. అన్నీ విన్నాడు. తల ఊపాడు. "తెలుసురా" అన్నాడు. తెలిసి కూడా తీయలేదు. ఇప్పటికీ తీయలేదు. ప్రతి పొద్దునా ఆ సందేశం వస్తోంది. ఈ రోజూ వచ్చింది. ఆ చెయ్యి కింద ఉన్న ఫోన్లో ఉంది.

మిత్రులారా, తువ్వాలులో గుండెని చూసిన యంత్రం, బతికున్న గుండెలో జబ్బుని చూడలేదు. ఆ యంత్రం మాట విని మీరు ఆమెకు డ్యూటీలు వేశారు. రేపు అదే మాట విని మీలో ఎవరికో వేస్తారు. చచ్చినా పచ్చే, బతికినా పచ్చే అయితే, ఆ రంగు ఎవరి కోసం?

కొందరు నాతో అన్నారు, "అన్నీ పీకి చెత్తబుట్టలో పడేద్దాం సార్" అని. వద్దు. ఆమె ఉంటే ముందు మిమ్మల్ని తిట్టేది. దర్జీని పనిదొంగ అన్న మచ్చ నుంచి తప్పించింది ఈ కొలతే. బయట ఏడుస్తున్న ఆ బిడ్డ ఏడవగలుగుతోందంటే ఈ కొలతే. కొలత మీద నాకు కోపం లేదు. కొలత ఎవరి చేతిలో ఉంది, ఎవరికి కనపడకుండా ఉంది, కొలిచాక ఎవరికి సెలవు దొరికింది, నా తగువంతా అక్కడ.

సూపరింటెండెంట్‌గారు నాకన్నా ముందు మాట్లాడారు. ఆమె జ్ఞాపకంగా ఈ బ్యాండ్ల పథకానికి ఆమె పేరు పెడతామని ప్రకటించారు. కొత్త బోర్డు కూడా తయారైందట. ఆయన ఇంకొక మాట ప్రకటించలేదు, అది నేను చెబుతాను. ఉద్యోగం నుంచి తొలగిన మనిషి వివరాలను ఆ నెలాఖరున చెరిపేయడం కంపెనీ నియమం. చనిపోవడం కూడా ఆ లెక్కలో ఉద్యోగం నుంచి తొలగడమే. అంటే ఆమె పేరు గోడ మీద ఉంటుంది, ఆమె గుండె గీసిన గీత ఉండదు. అది పోతే, ఆమెకు ఎన్నాళ్ళ నుంచి లయ తప్పిందో, ఎన్ని డ్యూటీలు ఆ తప్పిన లయతో చేసిందో, ఇక ఎవరూ చెప్పలేరు. అన్నయ్య రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ సానుభూతి పంపారు.

సానుభూతి చాలు. అడిగేవి అడుగుతాను.

ఒకటి. ఆమె బ్యాండు తీసిన అసలు గీతలు, వడపోయకుండా, ఒక్క చప్పుడు చెరపకుండా, మా అన్నయ్య చేతికి ఇవ్వాలి. నెలాఖరు లోపల.

రెండు. రంగు చూసి డ్యూటీ వేయడం ఆపాలి. అంతస్తుల్లో రంగుల బోర్డులు దింపాలి.

మూడు. ఎవరి గీత వాళ్ళదే. వాళ్ళకీ, వాళ్ళు ఎంచుకున్న డాక్టరుకీ తప్ప ఎవరికీ కనిపించకూడదు. వాళ్ళకు మాత్రం కనిపించి తీరాలి.

నాలుగు. స్కోరు ఉన్నట్టుండి పడినా, పెరిగినా, లయ చూసే మనిషి ఒకరుండాలి. ఆ మనిషి కూర్చోవాల్సిన గదికి పోయిన వారం తాళం వేశారు. తెరవాలి.

ఐదు. పచ్చగా ఉన్నవాళ్ళకి కూడా సెలవు కావాలి. అడిగినప్పుడు ఇవ్వాలి.

ఆరు. ఆ పథకానికి ఆమె పేరు పెట్టకూడదు.

ఏడు. ఇప్పుడు అందరూ లేచి నిలబడండి. వేదిక మీదున్నవాళ్ళు కూడా. ఆమె కోసం మౌనంగా ఉందాం. ఎంతసేపని నేను చెప్పను. సూపరింటెండెంట్‌గారూ, ఈ మౌనం ముగించే పని మీది. ఆ గీతలు అన్నయ్యకు ఏ రోజు ఇస్తారో తేదీ చెప్పండి. చెప్పగానే కూర్చుంటాం.